కొక్కెం మీద లేని కప్పు

రెడ్ రివర్ నది కెనడా సరిహద్దుకు ఇవతలనున్న ఆ ఊళ్లోకి వచ్చి చర్చి మెట్ల మీద మోకాలి లోతు బురద వదిలిపోయిన పెద్ద వరదకు ఇరవై ఎనిమిదేళ్లు నిండిన ఏడు అది. అక్టోబరు సగం దాటింది. హార్లన్ టోలెఫ్‌సన్ తెల్లవారకముందే లేచి ఆ రోజుకు రెండు పనులు పెట్టుకున్నాడు. ఒకటి, బెవ్ హోటల్లో, రోజూ వచ్చేవాళ్ల కప్పులతో పాటు గోడ కొక్కేనికి వేలాడే తన కాఫీ కప్పు తెచ్చేసుకోవడం. రెండు, భార్య ఆర్డిస్‌ను కారెక్కించుకుని, ఎవరికీ తెలియకుండా కెనడా వెళ్లి రావడం.

కప్పు సంగతికి కారణం గోర్డీ. వరదలో ఇద్దరూ ఒకే గట్టు మీద ఇసుక బస్తాలు మోసినవాళ్లు. ముందురోజు హోటల్లో గోర్డీ బల్ల గుద్ది, "మీ పెద్దాయన సుంకాలేశాడు, మన సోయా కొనే దేశం మొహం తిప్పుకుంది. గాదె నిండా గింజలు పెట్టుకుని ఏం చెయ్యమంటావురా, దండలు గుచ్చుకోమంటావా?" అన్నాడు.

"సుంకంతో మనకేంటి? అవతలి దేశంవాడు కడతాడు. అధ్యక్షుడే చెప్పాడు."

"మరి నీ చేను ఇంకా కొయ్యలేదేం? ఊరంతా కోసేసింది."

"ధర రానీ అని ఆగా," అని హార్లన్ లేచి వచ్చేశాడు.

అది అబద్ధం. అతని కోత మిషన్ జర్మనీది. లోపల గేరొకటి విరిగి మూడు వారాలైంది. కొత్తది తెప్పిస్తే సుంకంతో కలిపి ధర ఒకటిన్నర రెట్లు. ఆ మాట బయటికొస్తే గోర్డీ గెలిచినట్టే. ఎవరి మిషనైనా అడుగుదామంటే, ఎందుకని వాళ్లడుగుతారు. మంచు పడిందంటే కాయ పగిలి గింజంతా నేలపాలు. తలవంచడం కన్నా చేను పోవడమే నయమనుకున్నాడు గానీ, నిద్ర మాత్రం పట్టలేదు. చివరికి సరిహద్దు అవతల ఒక పాత సామాన్ల కొట్లో ఆ గేరు ఉందని కబురు తెలిసింది.

హోటల్ వెనక తలుపుకు తాళం వేసే అలవాటు బెవ్‌కు లేదు. హార్లన్ లోపలికి వెళ్లి తన కప్పు తీసి కోటు జేబులో పెట్టుకున్నాడు. 'ఇక మీ బల్ల దగ్గరికి రాను' అని చెప్పినట్టే అయిందనుకున్నాడు. అయితే ఆ ఊళ్లో కొక్కెం ఖాళీ అయ్యేది ఒక్కందుకే. మనిషి పోతే, అతని ఇంటావిడ వచ్చి కప్పు పట్టుకెళుతుంది. కోపంలో ఉన్నవాడికి ఆ సంగతి తట్టలేదు. సరిహద్దు దాటితే బిల్లు పేలిపోతుందని ఫోన్లు రెండూ ఆపేశాడు. అధ్యక్షుడి పోస్టర్లంటించిన ట్రక్కు కెనడాలో బాగుండదని వాకిట్లోనే వదిలి, ఆర్డిస్ కారు తీశాడు.

గేరు దొరికింది. తిరుగు దారిలో సరిహద్దు దగ్గర యూనిఫాం అమ్మాయి కాగితాలు చూసి, "దీనికి సుంకం కట్టాలండీ," అంది.

"అమ్మిన కొట్టువాడు కడతాడమ్మా. కెనడావాడు."

"కాదండీ. తెచ్చుకునేవాళ్లే కట్టాలి."

"అవతలివాళ్లు కడతారని అధ్యక్షుడు చెప్పాడే!"

"ఈ కిటికీ దగ్గరికి ఇప్పటిదాకా అవతలివాళ్లెవరూ రాలేదండీ."

ఆర్డిస్ సంచీ తెరిచింది. "కట్టేసి పోదాం పద. చేను పోతోంది."

"కడితే గోర్డీగాడి మాట నిజమైపోతుంది."

"కట్టకపోతే అబద్ధమైపోతుందా?"

హార్లన్ గేరు కిటికీ ముందు పెట్టి, "వాడొచ్చి కట్టాక పంపించండి," అని కారెక్కాడు. ఇల్లు చేరేదాకా ఆర్డిస్ అతని వైపు చూడలేదు.

పొద్దు వాలుతుండగా వాకిట్లో కారు ఆగింది. అరుగు మీద గిన్నెలు వరసగా ఉన్నాయి. ఆర్డిస్ మూతలెత్తి చూసింది. మాంసం మీద బంగాళదుంప ముక్కలు పేర్చి కాల్చిన వంటకం, ఊళ్లో చావు జరిగిన ఇంటికి అందరూ వండి పంపేది, ఏడు గిన్నెల్లోనూ అదే.

"ఏడు గిన్నెలు! మనింట్లో ఎవరో పోయారు," అంది.

"నేనిక్కడే ఉన్నాను. నువ్వూ ఉన్నావు."

"నీ గురించి అంత నమ్మకంగా చెప్పకు."

అప్పుడు వినిపించింది చప్పుడు. చేలో నాలుగు కోత మిషన్లు దుమ్ము రేపుకుంటూ తిరుగుతున్నాయి. వాకిట్లో స్తంభం మీది అధ్యక్షుడి బొమ్మ జెండా సగానికి దిగి ఉంది. ముందు మిషన్ మీంచి గోర్డీ దిగి, టోపీ చేత్తో పట్టుకుని, ఆర్డిస్‌ను ఓదార్చడానికి తలవంచుకుని వస్తూ వస్తూ, పక్కనున్న మనిషిని చూసి కొయ్యబారిపోయాడు.

"ఒరే! నువ్వు పోయావు కదరా!"

"ఎవరన్నారు?"

"నీ కప్పు! పొద్దున్నే బెవ్ ఏడుస్తూ ఫోన్ చేసింది. నీ ట్రక్కేమో ఇక్కడుంది, మీ ఫోన్లేమో పలకవు. ఆర్డిస్ నిన్ను ఫార్గో పెద్దాసుపత్రికి తీసుకెళ్లి ఉంటుందనుకున్నాం. పోయినవాడి చేను నిలబడి ఉంటే ఊరికి సిగ్గుచేటని మిషన్లు తోలుకొచ్చాం."

"ఆ జెండా?"

"నేనే దించా. నీ కోసం. ఆ మొహం కనపడకుండా కళ్లు మూసుకుని దించా." గోర్డీ టోపీ మళ్లీ తలకు పెట్టుకున్నాడు. అంతలోనే కోపం ముంచుకొచ్చింది. "అయితే పొద్దున్నించీ ఎక్కడ చచ్చావురా?"

హార్లన్ ఇంకో అబద్ధం అల్లేలోపే ఆర్డిస్ చెప్పింది. "కెనడాలో. మిషన్ గేరు విరిగి మూడు వారాలైంది. దొరికింది, సరిహద్దులో వదిలేసి వచ్చాం. కెనడావాడు వచ్చి సుంకం కడతాడట."

గోర్డీ నోరు తెరిచాడు. ఊరంతటికీ శీతాకాలం పొడుగునా సరిపడే మాట అతని నాలుక చివరికి వచ్చింది. హార్లన్ దానికోసమే ఎదురుచూస్తున్నట్టు నిలబడ్డాడు. గోర్డీ చేను వైపు చూశాడు, మళ్లీ హార్లన్ మొహం చూశాడు, నోరు మూసుకున్నాడు.

"ఇంకా ఇరవై ఎకరాలుంది. బతికే ఉన్నావుగా, గింజల ట్రక్కు తోలు," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే హార్లన్ ఏడు గిన్నెలూ కడిగి ఎవరివి వాళ్లకు ఇచ్చి, హోటల్‌కు వెళ్లి కప్పు కొక్కేనికి తగిలించాడు. బెవ్ చేతిగుడ్డతో వీపు మీద ఒక్కటిచ్చి, మళ్లీ ఆ కప్పే తీసి కాఫీ పోసింది. గోర్డీ కాస్త జరిగి చోటిచ్చాడు. ఇద్దరూ వాతావరణం గురించి మాట్లాడుకున్నారు. ఇంటికొచ్చాక హార్లన్ జెండా తాడు విప్పి, పైకి చూసి, జెండా సగంలో ఉన్నచోటనే మళ్లీ ముడి వేశాడు.

అడిగినవాళ్లకు తాడు ఇరుక్కుందని చెప్పాడు.