కొత్తరేవలస బడిలో మనిషి పోస్టు

కొత్తరేవలస హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పే కరుణాకర్ మాస్టారు మనిషి కాదని సోమవారం ఉదయం పది గంటలకు ఒక వెబ్‌సైటు తేల్చింది. హెడ్మాస్టరు తవిటినాయుడు గారు పదీ పదికల్లా ఆ సంగతి ఆయన సర్వీసు రిజిస్టరులో ఎర్ర సిరాతో ఎక్కించి, సంతకం పెట్టించారు. మాస్టారు సంతకం పెట్టి, కలం మూత బిగించి, తర్వాతి పీరియడుకు వెళ్లిపోయారు.

బడిలో మధ్యాహ్న భోజనం వండే సన్యాసమ్మ ఈ కబురు పప్పు కడుగుతూ విన్నది. ఆమెకు మాస్టారి గురించి బెంగ లేదు. బెంగంతా పిల్లల గురించే.

ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు ఇంగ్లీషు బాగా నేర్పే వెబ్‌సైట్లని మండలం ఆఫీసు పద్నాలుగు పేర్లు పంపింది. ఒకటి కథలు చదివి వినిపిస్తుంది. ఒకదాంట్లో మాట మీద నొక్కితే ఎలా పలకాలో చెబుతుంది. మరోదాంట్లో టీచర్లకు పాఠాలూ ప్రశ్నపత్రాలూ తయారుగా ఉంటాయి. శనివారంలోగా వీటిని తెరవలేని బడిని, హైవే అవతల పదకొండు కిలోమీటర్ల దూరంలో ఉన్న బడిలో కలిపేస్తారు. హైవే దాటించి ఆడపిల్లల్ని పంపేది లేదని తల్లులు ముందే చెప్పేశారు. బడి కలిసిందంటే నలభై ఒక్క మందిలో ఇరవై ముగ్గురి చదువు అక్కడితో సరి.

వెబ్‌సైట్లు గుమ్మంలోనే ఆపుతున్నాయి. వంకరటింకరగా నాలుగు ఇంగ్లీషు అక్షరాలు చూపించి, మనిషివైతే ఇవేమిటో కొట్టు అంటున్నాయి. మాస్టారికి డబ్ల్యూ, ఆర్, ఎల్, టి కనిపించాయి. ఇరవై రెండేళ్లుగా తప్పులు దిద్దిన చెయ్యి ఊరుకోలేదు. 'వరల్డ్' అని సరిచేసి కొట్టారు. రెండోసారి వేరే అక్షరాలు వస్తే వాటినీ దిద్దారు. మూడోసారి దిద్ది, పక్కన పదికి రెండు మార్కులు కూడా వేశారు. దాంతో రోబో అని తేలింది. తవిటినాయుడు గారు ప్రశ్నను యథాతథంగా మండలం ఆఫీసుకు పంపి, ఉత్తర్వులు అందిన వెంటనే జవాబు సమర్పిస్తామని కొట్టారు. గడువు రెండు నిమిషాలు. ఆయనా రోబోయే. లెక్కల మేడమ్ గారు గైడులో వెతుకుతుండగానే తేలిపోయారు.

రూల్సు చూస్తే పెద్ద ఇబ్బందేమీ లేదు. రోబోలకు క్యాజువల్ సెలవులు ఉండవు. ఎలక్షన్ డ్యూటీ మాత్రం మామూలే.

"మనకు తేడా ఏటుంది మాస్టారూ?" అన్నారు తవిటినాయుడు గారు.

"వేడెక్కకుండా ఫ్యాను కింద కూర్చోమన్నారండి. అదొకటి మంచిదే," అన్నారు మాస్టారు.

గురువారం హాజరు ఎంతమందో అడగడానికి సన్యాసమ్మ కంప్యూటరు గదిలోకి వచ్చింది. తెర మీద అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడి దొర్లుతున్నాయి. ఆమె గరిట చేత్తోనే వాటిని చూసి, "ఎస్, కె, ఎఫ్, తొమ్మిది," అంది.

మాస్టారు దిద్దబోయిన చెయ్యి వెనక్కి తీసుకుని, ఆమె చెప్పినట్టే కొట్టారు. తలుపు తెరుచుకుంది. 'స్వాగతం, మనిషీ' అని తెర మీద పడింది.

"నీకెవరు నేర్పారమ్మా ఇంగ్లీషు?"

"బియ్యం గోతాలు బాబూ. మా ఇంటాయన పోయాక సాయంత్రం బడిలో తెలుగచ్చరాలు దిద్దినాను. ఇంగ్లీషు కాడికొచ్చేతలికి ఆ బడి ఎత్తేసినారు. గోతం మడతల్లో ఎలాగుంటే అలాగే సదూకున్నాను. అచ్చరం తిన్నగుంటేనే నాకు అనుమానవొస్తాది."

అంతలో ఏడో తరగతి మొత్తం గదిలోకి వచ్చిపడింది. కప్ప కథ ఒకటి ఇంగ్లీషులో మొదలైంది. కప్ప గెంతినప్పుడల్లా పిల్లలూ గెంతారు. ఢిల్లేశ్వరి అనే పిల్ల 'బటర్‌ఫ్లై' అన్న మాట మీద నలభై సార్లు నొక్కింది. నలభై సార్లూ గది గదంతా పలికింది. గొంతుల్లో అందరికంటే పెద్దది సన్యాసమ్మది. పగటి బడిలో, పిల్లల మధ్య నిలబడి పాఠం చెప్పించుకోవడం యాభై తొమ్మిదేళ్లకు ఆమెకు ఇదే మొదటిసారి. ఆ సంబరంలో సాంబారు మాడిపోయింది. టీచర్లు రోబోలు కాబట్టి ఎవరూ ఏమీ అనకుండా తిన్నారు.

సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది. సన్యాసమ్మను బడికి ఇన్‌చార్జి మనిషిగా తాత్కాలిక ప్రాతిపదికన నియమించారు. మర్నాడు చుట్టుపక్కల పదకొండు బళ్లు కంప్యూటర్లను ఆటోల్లో పంపాయి. ఆమె వరండాలో పీట వేసుకుని, కూరగాయలు తరుగుతూ అన్నిటికీ తలుపులు తీసిపెట్టింది.

శనివారం మండలం నుంచి తనిఖీ అధికారి వచ్చారు. పద్నాలుగు వెబ్‌సైట్లూ తెరిచే ఉన్నాయని రాసుకున్నారు. తర్వాత ఇంకో ఫారం తీశారు. పిల్లల్ని కూడా మనుషులో రోబోలో నమోదు చెయ్యాలి. మనుషుల మార్కులు రోజుకో రకంగా ఉంటాయి, సగటు కట్టడం కష్టం. అందుకని మనుషులు ఎక్కువగా ఉన్న బడిని కలిపేస్తారు. పిల్లల్ని రోబోలుగా రాయించుకోవడానికి తల్లులు ఒప్పుకుంటే చాలు. కాకపోతే, ఫలానా పిల్ల రోబో అని ధ్రువీకరించే సంతకం మాత్రం మనిషే పెట్టాలి.

సన్యాసమ్మకు కుర్చీ వేశారు. ప్రభుత్వ కాగితం మీద ఆమె సంతకం పెట్టడం అదే మొదలు. కొత్త పెన్ను ఇచ్చారు, పక్కన స్టాంపు ప్యాడు పెట్టారు. నాలుగో కాగితానికల్లా చెయ్యి తిరిగింది, పదో కాగితానికల్లా సంతకం కింద గీత కూడా గీస్తోంది. బడి నిలబడుతోందని ఒళ్లంతా పొంగుతోంది. తల్లులు వరసలో వచ్చి ఊ అంటున్నారు, పిల్లలు పక్క గదిలో కప్ప కథను మళ్లీ పెట్టించుకుంటున్నారు.

వరసలో చివర ఢిల్లేశ్వరి తల్లి నీలవేణి ఉంది. ఆమె ఒక్కతే ఆగింది.

"పిన్నీ, ఒక మాటడుగుతాను. రోబో అయితే మార్కులొస్తాయంటన్నారు. మరి మనిసిగా ఉంటే ఏటొస్తాది?"

సన్యాసమ్మ పెన్ను ఎత్తి ఆలోచించింది. వరసకు కూతురైన దానికి అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. బడిలో ఉన్న మనిషి తనొక్కతే, తెలిసింది తన సంగతే.

"వంట పనొస్తాదే," అంది.

నీలవేణి పక్క గదిలోకి తొంగి చూసింది. ఢిల్లేశ్వరి బల్ల మీద నిలబడి కప్పలాగా ముడుచుకుని, ఎగరడానికి తయారుగా ఉంది.

"అయితే రాసీ పిన్నీ. ఇరవై మూడు మంది గుంటలు సదువు మానకుండా ఉంటారు."

సన్యాసమ్మ రాసింది. నలభై ఒకటో స్టాంపు పడింది. అధికారి కాగితాలు కట్టగట్టి, బడి యథాస్థానంలో కొనసాగుతుందని గట్టిగా చదివారు. అందరూ చప్పట్లు కొట్టారు. పక్క గదిలో పిల్లలు, ఎందుకో తెలియకుండానే, వాళ్లూ కొట్టారు. మాస్టారు చప్పట్లు ఆగినా ఇంకాసేపు కొట్టారు.

అధికారి జీపెక్కబోతుంటే సన్యాసమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంటూ వెనకాలే వెళ్లింది.

"బాబూ, నన్ను కూడా ఆ రోబోల్లో రాసేద్దురూ. గుంటలతో పాటు కూకుని సదూకుంటాను."

ఆయన రూల్సు పుస్తకం తెరిచి, వేలితో వరసలు లెక్కబెట్టుకుంటూ చదివారు. మంచి మనిషి, కావాలని కాదనే రకం కాదు.

"అక్షరాలు ఏ వయసులో దిద్దావమ్మా?"

"నలభై ఏడులో బాబూ."

"పన్నెండేళ్ల లోపు మొదలుపెట్టిన వాళ్లకే అవకాశం," అన్నారాయన పుస్తకం మూసి. "నువ్వింక మనిషిగానే సర్దుకోవాలమ్మా."

సన్యాసమ్మ తలూపింది. అందరికీ అన్నీ రావు కదా అనుకుని, అన్నం వార్చడానికి వెళ్లింది.