బురుజుపాలెం గుమ్మంలో దీక్ష

ఆదివారం తెల్లవారకముందే సైకిళ్ళ మీద బయలుదేరి, తాళ్లపాలెం మీదుగా కోటవురట్ల దాటి, కొండల మధ్యనున్న బురుజుపాలెం కోట చూసుకుని, భోజనాల వేళకు ఇల్లు చేరాలని శ్రీరామచంద్రమూర్తి అనుకున్నాడు. ఆయన అనకాపల్లిలో బెల్లం వర్తకుడు. వయసు యాభై దాటింది. ఒంట్లో షుగరు కూడా ఉండవలసిన హద్దు దాటింది. డాక్టరు రోజూ నడవమంటే, నడక ముసలివాళ్ళ పనని కోపం తెచ్చుకుని గేర్ల సైకిలు కొన్నాడు. ఇప్పుడు దాని మీద ఊళ్ళు తిరగడమే ఆయనకు ఆదివారం.

"కారు ఇంట్లో పెట్టుకుని అంత దూరం సైకిలు తొక్కడమేటండీ? చూసినవాళ్ళు మనం కారు అమ్మేసుకున్నామనుకుంటారు," అంది భార్య సత్యలక్ష్మి. తన తమ్ముడు భోజనానికి వస్తున్నాడని, కనీసం ఉప్మా అయినా తిని వెళ్ళమని కూడా చెప్పింది. ఉన్నవాడు సైకిలు తొక్కితే లేనివాడంటారా, ఇదెక్కడి అన్యాయమని మూర్తికి కోపం వచ్చింది. ఆ కోపంలో ఉప్మా తినకుండానే గుమ్మం దిగాడు.

మూర్తికి కోపం రావడానికి పెద్ద కారణాలు అక్కర్లేదు. రైలు ఆలస్యమైనా, పక్కింటి కుక్క అరిచినా, ఎండ కాసినా ఎవరో తనకు పనిగట్టుకుని అన్యాయం చేస్తున్నట్టే ఉంటుంది. ఆయనతో పాటు సైకిలు తొక్కే జుల్ఫికర్ పూర్తిగా వేరు రకం. బజారులో కళ్ళజోళ్ళ దుకాణం నడుపుతాడు. కోపమంటే ఏమిటో ఎరగడు. ఇద్దరూ బావా అంటే బావా అనుకునేవారు.

కోటవురట్ల దాటాక రోడ్డు కొండెక్కడం మొదలైంది. ఆ ఎత్తులు వేసినవాణ్ణి తిడుతూ మూర్తి, మాట్లాడకుండా జుల్ఫికర్, చెమటలు కక్కుకుంటూ పైకి వెళ్ళారు. మలుపు తిరిగేసరికి కోట కనిపించింది. ఎర్రమట్టి గోడ ఊరిని చుట్టి ఉంది. అక్కడక్కడా బురుజులు కుంగినా, ఊళ్ళోకి వెళ్ళే రాతి గుమ్మం మాత్రం నిటారుగా నిలబడి ఉంది. దాని రెండు స్తంభాల మీదా ఎవరో ఎర్ర రంగుతో ఇంటూ గుర్తులు పెట్టారు.

ఆ గుర్తులేమిటా అని తలెత్తి చూస్తూ మూర్తి సైకిలు ఆపాడు. ఆయన బూట్లు పెడళ్ళకు అతుక్కుపోయే రకం. మడమ తిప్పితే తప్ప ఊడి రావు. తిప్పాలన్న సంగతి మరిచిపోయాడు. సైకిలూ మూర్తీ కలిసి మెల్లగా పక్కకు ఒరిగి, సరిగ్గా గుమ్మం మధ్యలో పడ్డారు. దెబ్బ తగలలేదు గానీ తొడ కండరం పట్టేసి రాయిలా బిగుసుకుపోయింది. జుల్ఫికర్ బూట్లు ఊడదీసి, సైకిలు గోడకు చేర్చి, కాలు చాపబోతే మూర్తి కేక పెట్టాడు. ఊళ్ళో మందుల దుకాణం లేదు. నొప్పి మందు తెస్తానని జుల్ఫికర్ కోటవురట్లకు వెనుదిరిగాడు.

అతను అటు వెళ్ళగానే సన్యాసిరావు వచ్చాడు. ఊళ్ళో పెద్దరైతు. ఆ గుమ్మమంటే ప్రాణం పెట్టేవాడు. గుమ్మంలో బాసింపట్టు వేసుకుని కూర్చున్న పెద్దమనిషిని వింతగా చూశాడు. ఈ గుర్తులు ఎవడు పెట్టాడని మూర్తి ముందుగా అడిగాడు. చెరకు లారీలు లోపలికి రావడానికి రోడ్డు వెడల్పు చేస్తున్నారనీ, ఆదివారమైతే కోర్టుకు వెళ్ళేవాడుండడని ఈరోజే గుమ్మం పడగొడుతున్నారనీ, జేసీబీ దారిలో ఉందనీ సన్యాసిరావు చెప్పాడు.

"ఇది చాలా అన్యాయం," అన్నాడు మూర్తి.

ఆ మాట అనేవాడి కోసం సన్యాసిరావు ఏడాదిగా చూస్తున్నాడు. ఆనందంతో టీ తెప్పించాడు. అందులో పంచదార ఉందని మూర్తి వద్దన్నాడు. బిస్కెట్లు వద్దన్నాడు. అరటిపళ్ళు కూడా వద్దన్నాడు. పోనీ అరుగు మీద కూర్చుందురని సన్యాసిరావు రెక్క పట్టుకోబోతే కాలు జివ్వుమంది.

"నన్నెవరూ ముట్టుకోకండి. నేనిక్కణ్ణించి కదిలేది లేదు."

సన్యాసిరావు చేతులు వెనక్కి తీసుకున్నాడు. తిండి వద్దంటున్నాడు. నీళ్ళు తన సీసాలోవే తాగుతున్నాడు. గుమ్మంలోంచి కదలనంటున్నాడు. ఇంక అర్థం కానిదేముంది?

కాసేపటికి పెళ్ళిళ్ళకు వేసే షామియానా మూర్తి నెత్తిమీద లేచింది. కింద పరుపు పరిచారు. మెడలో బంతిపూల దండ పడింది. సన్యాసిరావు మైకు పట్టుకుని, అనకాపల్లి బెల్లం వర్తకులు మన కోట కోసం ఆమరణ దీక్షకు కూర్చున్నారని ప్రకటించాడు. మరణం ఊసు ఎవరెత్తారని మూర్తి మండిపడ్డాడు. తనది దీక్ష కాదని, కాలు పట్టేసిందని మైకు లాక్కుని మరీ చెప్పాడు. కాలు పట్టేసినా కదలడం లేదని జనం చప్పట్లు కొట్టారు. చాలామంది ఫోన్లలో ఫొటోలు తీశారు.

చప్పట్లు కొట్టనివాళ్ళు కూడా వచ్చారు. వాళ్ళు చెరకు రైతులు. వాళ్ళ పొలాలు కోట లోపలే ఉన్నాయి, గుమ్మం ఇరుకు కాబట్టి లారీ బయటే ఆగిపోతుంది. ప్రతి మోపూ నెత్తిన పెట్టుకుని ఊరి బయటికి మోసేది వాళ్ళే. ముందు నిలబడ్డ ఆవిడ తలగుడ్డ తీసి మూర్తికి చూపించింది. మోతకు నడినెత్తిన జుట్టు అరిగిపోయి ఉంది.

"ఒక్క మోపు నువ్వు మొయ్యి బాబూ. మోసేక ఇక్కడే కూకో. నేనే నీకు దండేత్తాను," అంది.

మూర్తి ఆ నెత్తి వంక చూశాడు. తాను తూకం వేయించే బెల్లం ఇలాంటి నెత్తుల మీదుగా వస్తుందని ఆయన ఎన్నడూ అనుకోలేదు. గుమ్మం పడగొట్టడం అన్యాయం. గుమ్మం ఉంచడమూ అన్యాయమే. రెండు అన్యాయాల మధ్య కాలు పట్టేసి కూర్చోవలసి రావడం వీటన్నిటినీ మించిన అన్యాయమని ఆయన కుతకుతలాడాడు.

ఇంతలో జేసీబీ వచ్చింది. తోలుతున్న కన్నబాబు, పరుపు మీద పూలదండతో ఉన్న మనిషిని చూసి ఇంజను ఆపేశాడు. గోడలు కొట్టడానికి వచ్చాను గానీ మనుషుల్ని తొక్కడానికి రాలేదని కాంట్రాక్టరుకు ఫోనులో చెప్పాడు. కాంట్రాక్టరు రోడ్ల శాఖ అధికారికి ఫోను చేశాడు. అదే సమయానికి ఫొటో ఎటు తిరిగి వెళ్ళిందో సత్యలక్ష్మి ఫోనులోకి చేరింది. ఆమె మూర్తికి ఫోను చేసింది.

"ఉప్మా నచ్చకపోతే నాతో సెప్పాలి గానీ, పరాయి ఊర్లో నిరాహార దీక్షేటండీ?" అంది. మూర్తి సంగతి చెప్పబోయేలోగా, తమ్ముడితో కారులో బయల్దేరుతున్నానని పెట్టేసింది.

జుల్ఫికర్ మందు పట్టుకుని తిరిగి వచ్చేసరికి బావ కనిపించలేదు, జనం కనిపించారు. దారి చేసుకుని లోపలికి వెళ్ళి, ఏమీ అడగకుండా మూర్తి తొడకు మందు రాసి రుద్దడం మొదలుపెట్టాడు. దీక్షాపరుల ఆరోగ్యం క్షీణిస్తోందని, వైద్యులు వచ్చారని మైకు చెప్పింది. కళ్ళజోళ్ళ దుకాణదారు తల వంచుకుని రుద్దుతూనే ఉన్నాడు. కాసేపటికి కండరం సడలింది. మూర్తి కాలు ముడిచాడు, చాపాడు. హాయిగా ఉంది.

"బావా, లే. మెల్లగా ఎనక నుంచి ఎళ్ళిపోదాం," అన్నాడు జుల్ఫికర్.

మూర్తి దండ తీసి పక్కన పెట్టి సగం లేచాడు. అప్పుడే అధికారి జీపు దిగాడు. ఆయన కోట వంక చూడలేదు, రైతుల వంక చూడలేదు. మూర్తి బిగుతు నిక్కరు వంక చూశాడు.

"ఫొటోలు పడ్డాయి కదా, ఇంక లేవండి. ఈ మట్టిదిబ్బ కోసం ఇంత నాటకం అవసరమా?" అన్నాడు.

మూర్తి సగం లేచినవాడు సగంలోనే ఆగిపోయాడు. తర్వాత మళ్ళీ కింద కూర్చుని, దండ తానే తీసి మెడలో వేసుకున్నాడు.

"ఇందాకటిదాకా కాలు పట్టేసి కూర్చున్నానండీ. దీక్ష ఇప్పుడు మొదలెడుతున్నాను."

జుల్ఫికర్ మందు సీసాకు మూత పెట్టి తానూ పక్కన కూర్చున్నాడు. పోలీసుల్ని పిలుస్తానని అధికారి, పిలవమని మూర్తి, ఎవరు గెలిచినా మా నెత్తి మీద మోపు దిగదని రైతులు మాటామాటా అనుకున్నారు. మూర్తికి ఉదయం తినని ఉప్మా గుర్తుకొచ్చింది. అయినా లేవలేదు.

ఆ గొడవలో వెనక నుంచి కారు హారను మోగింది. బయట నుంచి కాదు, ఊరి లోపల నుంచి. కారు షామియానా వెనక ఆగింది. సత్యలక్ష్మి క్యారేజీతో దిగింది.

రోడ్డంతా జనంతో, జేసీబీతో నిండిపోయి ఉంటే లోపలికి ఎలా వచ్చారని అధికారి ఆమెను అడిగాడు. పడమటి వైపు గోడ కూలిన చోట దారి ఉంది కదా అని, అయితే చక్రాల నిండా పెంట అయ్యిందని ఆమె చిరాగ్గా చెప్పింది. ఆ దారి అందరికీ తెలుసు. లారీ పట్టేంత వెడల్పు. కాకపోతే దాని పొడుగునా పెంటకుప్పలున్నాయి. గుమ్మం ఉండాలన్న సన్యాసిరావువీ ఉన్నాయి, పోవాలన్న రైతులవీ ఉన్నాయి. కుప్పలు కదపమంటే తమవీ కదపాలని ఇన్నాళ్ళూ రెండు పక్షాలవాళ్ళూ ఆ దారి మాటే ఎత్తలేదు.

కన్నబాబు ఎవరి అనుమతీ అడగకుండా జేసీబీని పడమటికి తిప్పాడు. సాయంత్రానికి కుప్పలన్నీ ఎవరి పొలంలో వాళ్ళకు చేరాయి. మొదటి లారీ ఊళ్ళోకి వచ్చింది. తలగుడ్డ విప్పి చూపించిన ఆవిడ వచ్చి మూర్తికి నిజంగానే దండ వేసింది. ఆయన సత్యలక్ష్మి క్యారేజీలోని పులిహోర నములుతూ తల వంచాడు. అధికారి గుమ్మాన్ని కాపాడినందుకు దాని ముందు నిలబడి ఫొటో తీయించుకున్నాడు.

చలికాలంలో మూర్తీ జుల్ఫికర్ మళ్ళీ బురుజుపాలెం వెళ్ళారు. గుమ్మం ఎర్ర గుర్తులు పోయి శుభ్రంగా ఉంది. అడ్డంగా ఇనప గొట్టం, పక్కనే వాహనాలకు ప్రవేశం లేదని బోర్డు ఉన్నాయి. కుర్చీలో కొత్తగా పెట్టిన కాపలా మనిషి ఉన్నాడు. సైకిలు వాహనం కాదని మూర్తి వాదించాడు. ఇది అన్యాయమన్నాడు. కాపలా మనిషి నొచ్చుకోలేదు.

"తమరికి తెలీదు బాబూ. ఈ గుమ్మం కోసం అనకాపల్లి నుంచి ఒక పెద్దాయనొచ్చి పేణానికి తెగించి కూకున్నాడంట. ఆయన మీద గౌరవంతోనైనా సుట్టూ తిరిగెళ్ళండి."

ఆ పెద్దాయన మీద గౌరవంతో మూర్తి చుట్టూ తిరిగి వెళ్ళాడు.