రెండోవాడి విభాగం

“ఈ దారుణం వెనుక ఎవరున్నా, ఎంతటివాళ్ళున్నా, ఏ పాతాళంలో దాక్కున్నా వదిలే ప్రసక్తే లేదు!” అని హోం మంత్రిగారు బల్ల గుద్ది ప్రకటించారు. గ్లాసులో నీళ్ళు తొణికి మైకు తడిసింది. ఆయన బల్ల గుద్దితే పక్క ఊళ్ళో దొంగలు సగం ఎక్కిన గోడలు దిగి వచ్చి లొంగిపోయిన సందర్భాలున్నాయని పీఏ చెబుతాడు. పీఏ అబద్ధమాడే మనిషి కాడు. ఆడమన్నప్పుడే ఆడతాడు.

ఆ వాక్యం కూడా పీఏ రాసిందే. వంతెన కూలినప్పుడు మంత్రిగారు అదే చదివారు. పరీక్ష పేపరు బయటికి పొక్కినప్పుడూ అదే. గాలివానకి కరెంటు స్తంభాలు పడిపోయిన రోజున కూడా అదే చదివారు. గాలివాన వెనుక ఎవరున్నారని ఎవరూ అడగలేదు. మన విలేఖరులు అంత మర్యాదస్తులు.

ఈసారి మాత్రం కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒకమ్మాయి, ఇంకా లోకం పోకడ తెలియనిది, చెయ్యెత్తి అడిగింది. “అంటే ఈ క్యాబ్ డ్రైవరు హత్యలో రెండోవాడు కూడా ఉన్నాడా సార్?”

మంత్రిగారు పీఏ వైపు చూశారు. పీఏ తన చేతిలో కాగితం వైపు చూశాడు. కాగితం ఎటూ చూడలేదు.

“ఉన్నాడు,” అన్నారు మంత్రిగారు.

హాలు చివర గోడకి ఆనుకుని నిలబడ్డ ఇనస్పెక్టరు నెత్తిన పిడుగు పడ్డట్టయింది. ఎందుకంటే కేసు ఆయనది. రెండోవాడు లేడు.

ఆ ఇనస్పెక్టరుకి డిపార్టుమెంటులో ‘రేపుచూద్దాం’ అని పేరు. సైకిలు పోయిందని వచ్చినవాడు కారు కొనుక్కునేదాకా ఆయన ఎఫ్ఐఆర్ రాయలేదని చెప్పుకుంటారు. అటువంటి మనిషి జన్మకో శివరాత్రి అన్నట్టు ఈ ఒక్క కేసూ పొద్దుగుంకేలోగా తేల్చేశాడు.

కేసులో చిక్కుముడేమీ లేదు. ఆ క్యాబ్ తోలే మొగుడూ పెళ్ళాలకి ఒకటే కారు. పొద్దున ఆవిడ తోలేది, మధ్యాహ్నం నుంచి ఆయన. యాప్‌లో బుక్ చేసుకుని ఎక్కిన ఒక పెద్దమనిషి ఏసీ వెయ్యమన్నాడు. పాడైపోయిందన్నాడు డ్రైవరు. మాటా మాటా పెరిగింది. పెద్దమనిషి సంచీలో వంటింటికని కొన్న కొత్త కత్తి ఉంది. అంతే. పని కానిచ్చి, దిగి, ఇంటికెళ్ళి, స్నానం చేసి, అలవాటు కొద్దీ ఫోన్ తీసి ఆ ప్రయాణానికి రెండు స్టార్లిచ్చాడు. కింద ‘డ్రైవరుకి మర్యాద తెలియదు’ అని రాశాడు. ఇనస్పెక్టరు డ్రైవరు ఫోన్‌లో ఆ రెండు స్టార్లూ పట్టుకుని తిన్నగా ఆయన ఇంటికెళ్ళి తలుపు కొట్టాడు. చొక్కా బకెట్‌లో నానుతోంది. కత్తి సింకు కింద ఉంది.

“అవును సార్, నేనే. ఉక్కపోత,” అన్నాడు పెద్దమనిషి.

ఆ మాట చెప్పడానికి ఇనస్పెక్టరు డ్రైవరు భార్య దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ ఏడవలేదు. కారు సీటు కడుగుతోంది. ఎంత కడిగినా నీళ్ళు ఎర్రగానే వస్తున్నాయి. “వాడికి శిక్ష పడుతుందా సార్?” అని మాత్రం అడిగింది. “నాదీ పూచీ చెల్లెమ్మా,” అనేశాడు ఇనస్పెక్టరు. అన్నాక ఆయనకే ఆశ్చర్యం వేసింది. సర్వీసు మొత్తంలో ‘రేపు’ అన్న మాట లేకుండా ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి వాక్యం అది.

ఇప్పుడు మంత్రిగారు రెండోవాడు ఉన్నాడన్నారు.

సాయంత్రం పీఏ ఫోన్ చేశాడు. “రెండోవాడు ఎంతవరకు వచ్చాడయ్యా?”

“లేడండి. ఒక్కడే చేశాడు. ఒప్పుకున్నాడు కూడా.”

“మంత్రిగారు టీవీలో చెప్పింది నువ్వు చూళ్ళేదా?”

“అక్కడే ఉన్నానండి.”

“మరి? ఆయన చెప్పాక కూడా లేకపోవడానికి వాడికెన్ని గుండెలు!”

ఇక ఊరు ఊరంతా రెండోవాడి వెంట పడింది. ఒక ఛానెల్ వాడి నీడ బొమ్మ గీయించింది. నిలబడి చూపించడానికి మనిషి దొరక్క తమ మేకప్‌మేన్‌నే నిలబెట్టి గీయించడంతో, ఆ సాయంత్రమే జనం అతన్ని బస్సులోంచి దింపి ఉతికారు. ఒక సాక్షి రెండోవాడు తాడిచెట్టంత పొడుగన్నాడు. ఇంకొకడు జానెడన్నాడు. రెంటినీ కలిపి ఛానెల్‌వాళ్ళు, అవసరాన్ని బట్టి పొడుగు మార్చుకోగల కరడుగట్టిన నేరస్థుడని తేల్చారు. రెండోవాడు మంత్రిగారి మనిషేనని ప్రతిపక్ష నాయకుడు అన్నాడు. ప్రతిపక్షం మనిషేనని మంత్రిగారు అన్నారు. ఆ విధంగా రెండు పక్షాలూ ఏకమై వాడు ఉన్నాడని ఒప్పుకున్నాయి. ప్రజాస్వామ్యంలో ఇటువంటి శుభ ఘడియ మళ్ళీ మళ్ళీ రాదు. వాడు తమ యాప్‌లో కారు బుక్ చేసుకోలేదు కనుక తమకి సంబంధం లేదని క్యాబ్ కంపెనీ ప్రకటించింది. మేక పోయిందని స్టేషనుకి వచ్చిన ముసలాయన కూడా, “వాడి పనే బాబూ, అడుగులు చూశాను,” అన్నాడు.

లాకప్‌లో పెద్దమనిషికి మొదట్లో రోషం వచ్చింది. “ఇదేం అన్యాయం సార్? చేసింది నేనైతే వాడెవడో వాటాకొస్తాడేంటి?” అన్నాడు. తరువాత ఆయన లాయరు వచ్చి చెవిలో ఏదో ఊదాడు. మర్నాడు పెద్దమనిషి వెక్కి వెక్కి ఏడుస్తూ కనిపించాడు.

“ఏమైందిరా?” అన్నాడు ఇనస్పెక్టరు.

“వాడే పొడిచాడు సార్. నేను ఏసీ సంగతి అడిగానంతే.”

“ఎవడు?”

“రెండోవాడు.”

“ఎలా ఉంటాడు?”

“మీరెలా ఉండాలంటే అలా ఉంటాడు సార్.”

రెండోవాణ్ణి కళ్ళారా చూసిన ఏకైక మనిషిని లాకప్‌లో పెట్టడం దర్యాప్తుకే గొడ్డలిపెట్టని పైనుంచి ఆదేశం వచ్చింది. పెద్దమనిషి అప్రూవరయ్యాడు. అప్రూవరంటే, తన నేరాన్ని ఇతరుల మీద చూపించడానికి ప్రభుత్వం తరఫున సాక్ష్యమిచ్చే మనిషి. ‘రెండోవాడి అన్వేషణ ప్రత్యేక విభాగం’ వెలిసింది. దానికొక భవనం, భవనానికి గేటు, గేటుకి వాచ్‌మేన్. సలహాదారుగా పెద్దమనిషినే వేశారు. అనుభవం ఉన్నవాడు మరొకడు దొరకలేదు.

డ్రైవరు భార్య స్టేషనుకి వచ్చింది. ఆవిడకి టీ తెప్పించి, మొహం చూడలేక, ఫ్యాను వైపు చూస్తూ మాట్లాడాడు ఇనస్పెక్టరు.

“ఏం చెయ్యనమ్మా, రెండోవాడు దొరికేదాకా మొదటివాడి మీద కేసు కదలదట.”

“దొరికితే కదులుతుందా?”

“కదలాలి మరి.”

ఆవిడ టీ ముట్టుకోలేదు. “అయితే నన్ను రాసుకో అన్నయ్యా.”

“ఏమని?”

“రెండో మనిషినని. మా ఆయన్ని చంపడానికి నేనే సాయం చేశానని రాసుకో. నేను కోర్టుకొస్తాను. వాణ్ణి కూడా తీసుకురావాలి గదా అప్పుడు. ఇద్దరికీ కలిపి శిక్ష వేస్తే వెయ్యనీ.”

ఇనస్పెక్టరు కలం జేబులో పెట్టేసుకున్నాడు. పక్క బల్ల దగ్గరున్న హెడ్ కానిస్టేబులు, “పిచ్చి మాటలమ్మా అవి!” అని, చెమ్మగిల్లిన కళ్ళు టోపీతో తుడుచుకున్నాడు.

ఆవిడ వెళ్ళాక ఇనస్పెక్టరు బాగా ఆలోచించి పీఏకి ఫోన్ చేశాడు. ఆవిడ సంగతి చెప్పలేదు. “అయ్యా, రెండోవాడు దొరికేటట్టున్నాడు,” అన్నాడు, అవతలి వాడేమంటాడో చూద్దామని.

పీఏ కంగారు పడిపోయాడు. “దొరకడమేంటయ్యా! నీకు బుద్ధుందా? ఇప్పుడిప్పుడే విభాగంలో జనాన్ని వేసుకున్నాం. మా బావమరిది అక్కడే చేరాడు. ఎన్నికలు దగ్గరికొచ్చాయి, మంత్రిగారు ఊరూరా వాడి మీదే మాట్లాడుతున్నారు. వాడు దొరికితే ఆయనేం మాట్లాడాలి, రోడ్ల గురించా? చూడూ, వాణ్ణి వెతుకు. కష్టపడి వెతుకు. దొరికాడన్న మాట మళ్ళీ నా చెవిన పడకూడదు.”

“మరి ఆ డ్రైవరు భార్య మాటేమిటండీ? ఆవిడకి మాటిచ్చాను.”

“మంత్రిగారు ఆవిణ్ణి మరిచిపోలేదయ్యా. వెన్న లాంటి మనసు ఆయనది. కారుణ్య నియామకం కింద ఉద్యోగం వేశారు. ఆవిడకి డ్రైవింగ్ వచ్చుగా? విభాగంలో సలహాదారుగారి కారుకి డ్రైవరు కావాలి.”

ఇనస్పెక్టరు ఫోన్ పెట్టేశాడు. తరువాత తనే వెళ్ళి ఆవిడకి ఉద్యోగం సంగతి చెప్పాడు. వద్దంటుందనుకున్నాడు. ఆవిడ ఎప్పటినుంచి రావాలని అడిగింది.

ప్రారంభోత్సవం బ్రహ్మాండంగా జరిగింది. మంత్రిగారు రిబ్బను కత్తిరించి, “బాధితురాలికి జీవనోపాధి, సాక్షికి రక్షణ, ఒకే కారులో! ఇదీ మా పరిపాలన!” అన్నారు. ఎంత చప్పట్లు మోగాయంటే, వెనక బెంచీలో నిద్రపోతున్న పెద్దాఫీసరు తనకే ప్రమోషన్ వచ్చిందనుకుని లేచి నిలబడి అందరికీ దండాలు పెట్టాడు.

సభ అయ్యాక సలహాదారుగారు ఇస్త్రీ చొక్కాతో మెట్లు దిగారు. ఇనస్పెక్టరు, హెడ్ కానిస్టేబులు గేటు దగ్గర బందోబస్తులో ఉన్నారు. ఆవిడ కారు తెచ్చి మెట్ల ముందు ఆపి, దిగి తలుపు తీసింది. ఉపన్యాసం సాగినంతసేపూ పెద్దమనిషి కెమెరాల వైపే చూశాడు కనుక, ఎదురుగా ఉన్నదెవరో ఆయనకి తెలియదు. తెలుసుకుందామని ఆయన ఎప్పుడూ అడగలేదు.

“కాస్త నెమ్మదిగా పోనివ్వమ్మా. ఆ సంఘటన తరువాత నాకు కార్లంటే గుండెదడ,” అన్నాడు ఎక్కుతూ. “దారి తెలుసుగా? ముందు గెస్టుహౌస్‌కి.”

“తెలుసు సార్. మీరు కళ్ళు మూసుకుని పడుకోండి,” అంది ఆవిడ.

కారు గేటు దాటేటప్పుడు ఇనస్పెక్టరు దగ్గర కొంచెం నెమ్మదించింది. ఆవిడ ఆయన వైపు ఒకసారి చూసింది. ఆయన దారికి అడ్డంగా పెట్టిన ఇనుప స్టాండును స్వయంగా పక్కకి జరిపాడు.

గెస్టుహౌస్‌కి ఎడమ చేతి వైపు పోవాలి. కారు కుడి వైపు తిరిగింది. అటు పాడుబడిన రాళ్ళ క్వారీ తప్ప ఏమీ లేదు. ఆ రోడ్డు క్వారీ అంచు దాకా పోయి ఆగిపోతుంది.

“సార్! కారు అటు పోతోందేంటి సార్?” అన్నాడు హెడ్ కానిస్టేబులు, వైర్‌లెస్ అందుకుంటూ. “ముందున్న వాళ్ళకి చెప్పి ఆపించమంటారా?”

ఇనస్పెక్టరు ఇనుప స్టాండును మళ్ళీ దారికి అడ్డంగా లాగి, చేతులకంటిన తుప్పు దులుపుకున్నాడు.

“ఏ కారయ్యా?” అన్నాడు.