అడకత్తెరతో అతికిన లైను

మహర్నవమి పొద్దున వెంకటేశం వేసుకున్న ప్లాను చాలా చిన్నది. తార్నాక నుంచి సైకిలు మీద యూనివర్సిటీకి వెళ్లి, హాస్టల్ వార్డెన్ పార్థసారథిగారి ఫోను బాగుచేసి, తిరిగొచ్చి పూరీలు తినాలి. రాత్రి వానకు కొమ్మ విరిగి ఆ ఇంటి లైను మీద పడింది. యూనివర్సిటీలో ఫోను లైన్లు చూసుకునే ఉద్యోగం అతనిది. పండగైనా పని పనే.

అరవైల చివర్లో తార్నాక ఎంత నిమ్మళంగా ఉండేదో! ఎక్కడైనా ఫోను మోగితే ఎవరింట్లోనా అని వీధి వీధంతా చెవులు రిక్కించేది. పై ఊరి నుంచి ట్రంక్ కాల్ వస్తుందంటే మనిషి స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ కూర్చునేవాడు. ఆ ఎదురుచూపులు తలుచుకుంటే ఇప్పటికీ బెంగగానే ఉంటుంది.

పార్థసారథిగారూ అలాగే కూర్చున్నారు. మెస్సు పప్పుచారు ముందు ఇంటి పప్పుచారు దిగదుడుపేనని అన్న పాపానికి, భార్య బాలలక్ష్మి అలిగి వరంగల్లోని పుట్టింటికి వెళ్లిపోయింది. నవమినాడు ఫోన్ చేస్తానని, ఆయనే ఎత్తి తప్పయిందంటే వస్తానని, లేకపోతే అక్కడే ఉండిపోతానని తమ్ముడితో కబురంపింది.

ఇంట్లోంచి బయల్దేరబోతూ వెంకటేశం సంచీ వెతికాడు. కటింగ్ ప్లయర్ లేదు. దేవుడి ముందు పసుపు కుంకుమలతో, బంతిపూల కింద ఉంది.

"ఏమే, గా ప్లయర్ తీసియ్యి."

"ఆయుధపూజల పెట్టిన. రేపు ఉద్వాసన చెప్పేదాక ముట్టద్దు," అంది అతని భార్య భారతమ్మ.

"సారు సంసారం ఆగమైతదే!"

"మనది కావద్దు గద. గీ అడకత్తెర తీస్కపో. దీన్ని పూజల పెట్టలే."

అడకత్తెర పుట్టింది వక్కల కోసం. హాస్టల్ వెనక ఫోను తీగల పెట్టెలో వార్డెన్ లైనూ మెస్సు లైనూ పక్కపక్కనే ఉంటాయి. తెగిన కొసను సమంగా కత్తిరిద్దామని వెంకటేశం నొక్కితే, దాని వెడల్పాటి నోట్లో మెస్సు తీగలు కూడా పడి తెగాయి. అన్నిటిదీ వెలిసిపోయిన ఒకటే రంగు. పళ్లతో తొడుగు పీకి, వేళ్లతో మెలివేసి, దేవుడి మీద భారం వేసి కలిపాడు. సారు ఇంటికెళ్లి రిసీవర్ ఎత్తితే టోన్ వచ్చింది.

"రడీ సార్!" అన్నాడు.

కాసేపటికి ఫోను మోగింది. పార్థసారథిగారు ఎగిరి అందుకున్నారు. "తప్పంతా నాదే! నువ్వు లేక ఇల్లు ఇల్లులెక్క లేదు. జల్ది వచ్చెయ్!"

అవతల ఉన్నది లాలాపేట్ నుంచి మెస్సుకు కూరగాయలు పంపే సత్తయ్య. "గంత మాటెందుకు సార్, మాపటికల్లా బండి తెస్త," అని పెట్టేశాడు.

మగ గొంతు విని సారు కుర్చీలో కూలబడ్డారు. లైన్లు తారుమారయ్యాయని వెంకటేశానికి వెలిగింది. మెస్సుకు పరుగెత్తాడు. అక్కడ వంటమనిషి లచ్చమ్మ అప్పటికే ఫోనులో ఉంది.

"సారు గీడ లేడమ్మా. నేనా? లచ్చమ్మను. సారుకు రెండు పూటల నేనే వండిపెడుతున్న. నా చేతి పప్పుచారంటే ఆయనకు పానం. మీరేం ఫికర్ చెయ్యకుండ్రి, మంచిగ చూస్కుంట."

అవతల టక్కున పెట్టేశారు.

మధ్యాహ్నం దాకా పార్థసారథిగారు ముద్ద ముట్టలేదు. వెంకటేశం గడప దగ్గరే కూర్చున్నాడు.

"నన్ను రెండు తిట్టుండ్రి సార్."

"నిన్ను తిడితే ఆమె వస్తదా, వెంకటేశం?" అన్నారాయన.

పొద్దుగూకే వేళకు వాకిట్లో సత్తయ్య వంకాయల బండి ఆగింది. దాని వెనకే రిక్షా. పెట్టె పట్టుకుని బాలలక్ష్మి దిగింది.

"ఎవరా లచ్చమ్మ? పిలువుండ్రి!"

లచ్చమ్మ వచ్చింది. బోసినోరు, చేతికర్ర. "వచ్చినవా బిడ్డా!" అని బాలలక్ష్మి చెంపలు నిమిరింది. బాలలక్ష్మికి నవ్వాగలేదు, ఆ వెంటనే ఏడుపూ ఆగలేదు. చెంగు దోపి వంటింట్లోకి వెళ్లి, వంకాయకూర, పప్పుచారు చేసింది. పార్థసారథిగారు ఉప్పు ఎక్కువైన ఆ చారును మారు అడిగి మరీ పోయించుకున్నారు.

మరుసటి దసరాకు భారతమ్మ ప్లయర్ పక్కన అడకత్తెరకూ బొట్టుపెట్టి పూజలో ఉంచింది. వెంకటేశం ఆ రోజుకు ముందే సెలవు పెట్టుకున్నాడు.