అంకెలు లేని కొలతల పుస్తకం

అన్న పోయిన రోజున మూతపడిన దర్జీ కొట్టును నెల తిరక్కముందే తమ్ముడు తెరిచాడు. బస్సు డిపో డ్రైవర్లకు పన్నెండు కోట్లు కుట్టి గడువు నాటి ఉదయం అప్పగిస్తే, ఏటా వచ్చే ఆ పని తనకే దక్కుతుంది. లేకపోతే ఎదురు వీధి దర్జీకి పోతుంది. తమ్ముడు టేపు పట్టాడంటే వెంట్రుకవాసి తేడా రాదు. అన్నలా కబుర్లతో పొద్దుపుచ్చే మనిషి కాదు.

ఆ ఉదయం పొట్టి డ్రైవరు కొత్త కోటు తొడుక్కుని, అద్దంలో చూసి మురిసి, బస్సెక్కి మొదటి మలుపు తిప్పాడు. రెండు గుండీలు ఎగిరి ముందరి అద్దానికి తగిలాయి.

తమ్ముడి అనుమానం గుండీలు కుట్టే ముసలమ్మ మీదకు పోయింది.

"దారం మిగుల్చుకుంటున్నావా?"

"మిగిల్చి ఏం చేసుకోను నాయనా, పగ్గం పేనుకోనా?"

తమ్ముడే గట్టి దారంతో మళ్ళీ కుట్టాడు. ఈసారి గుండీలు కదల్లేదు. వీపు కుట్టు పిగిలింది.

ఇక డ్రైవర్ల మీద అనుమానం. అందరినీ గోడకు నిలబెట్టి మళ్ళీ కొలిచాడు. పొట్టలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

"ఎదురు వీధివాడు పంపాడా మిమ్మల్ని?"

"డిపో పంపింది మాస్టారూ," అన్నాడు పొట్టి డ్రైవరు. "సాయంత్రానికి ఇది సరికాకపోతే ఎదురు వీధికీ అదే పంపుతుంది."

మిగిలింది వదిన. అన్న కొలతల పుస్తకాన్ని ఆమె రోజూ తిరగేసి, ఇతను రాగానే పెట్టెలో దాచేస్తోంది. ఆమె బజారుకు వెళ్ళగానే వెనక గదిలోకి దూరి పెట్టె తీశాడు. పుస్తకంలో ఒక్క అంకె లేదు. 'ఇతనికి కుడి భుజం నొప్పి.' 'ఇతను వెనక్కి తిరిగి ప్రయాణికులతో పోట్లాడతాడు.' రహస్య లిపి అనుకుని అక్షరాలు లెక్కపెట్టాడు. 'పోట్లాడతాడు' అంటే ఐదంగుళాలని తేల్చేలోపు వదిన వచ్చింది.

"అంకెల పుస్తకం ఎక్కడ దాచారు వదినా?"

"అది నువ్వే కాజేశావని, తాళాలు మార్పించడానికి తాళాలాయన్ని వెంటబెట్టుకొచ్చాను."

తాళాలాయన ఎవరిని బయట పెట్టాలో తెలియక గుమ్మంలోనే నిలబడ్డాడు.

గొడవ విని కొట్టులోంచి పొట్టి డ్రైవరు వచ్చాడు. "అంకెలెక్కడివమ్మా? పెద్దాయన మమ్మల్ని కూర్చోబెట్టి, గాల్లో స్టీరింగు తిప్పిస్తూ కబుర్లు చెప్పించేవాడు. చూస్తూ చూస్తూ కత్తెర వేసేవాడు."

వదిన పుస్తకం ఒళ్ళోకి తీసుకుంది. "ఎక్కడ ఎంత వదులు వదలాలో ఎలా తెలుస్తుందని అడిగితే నవ్వేసేవారు. ఆయనకూ తెలియదేమో."

తమ్ముడు కుర్చీ వేశాడు. పొట్టి డ్రైవరు గాల్లో స్టీరింగు తిప్పుతూ, డిపో మేనేజరుతో పడ్డ గొడవ చెప్పుకొచ్చాడు. తమ్ముడు టేపు ముట్టలేదు. రెండు గంటలు విన్నాక కుట్లు విప్పి, వదులు వదిలి, మళ్ళీ వేశాడు.

సాయంత్రం బస్సు మలుపు తిరిగింది. గుండీలు నిలిచాయి. డిపో వారు మిగతా వాటికి వారం గడువిచ్చారు. ఎంత వదిలాడో రాసుకుందామని తమ్ముడు పుస్తకం తెరిచి, అంకె కోసం తడుముకుని, 'మేనేజరు మాటెత్తితే ఇతని భుజాలు ముందుకొస్తాయి' అని రాశాడు.

ఇంకా పదకొండు కోట్లు విప్పాలి.