పదిమంది కోసం వేసిన టెంటు

సాయంత్రం ఐదింటిలోగా పనికొస్తామన్న పదిమంది ఆడవాళ్ళ సంతకాలు చూపించాలి. లేకపోతే కాలనీ పార్కు వెనక రేకుల షెడ్డు కార్ల పార్కింగుకి పోతుంది. అసోసియేషన్ అధ్యక్షుడు శ్రీరామమూర్తి వేదవతికి పెట్టిన షరతు అది. ఇళ్ళల్లోని కూరగాయ తొక్కలూ, మిగిలిన అన్నమూ ఆ షెడ్డులో ఎరువు చేయించాలనీ, ఆ పని చుట్టుపక్కల బస్తీల ఆడవాళ్ళకి ఇప్పించాలనీ ఆమె రెండేళ్ళుగా కనపడ్డవాళ్ళందరికీ చెబుతోంది.

"చెత్త పనికి టెంటు వేసి మరీ పిలుస్తావా? పెళ్ళా ఏవన్నానా?" అన్నాడు భర్త జోగారావు కాఫీ తాగుతూ.

"ఉద్యోగానికి పిలిచేటప్పుడు మర్యాదగానే పిలవాలండీ," అని వేదవతి రిజిస్టరు చంకన పెట్టుకుని, పులిహోర పొట్లాల సంచీతో బయల్దేరింది.

ఎల్‌బీ నగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ పోయే రోడ్డు పక్కన, కాలనీ గేటు ముందు, జానయ్య టెంటు కడుతున్నాడు. గుంజలకి తెలంగాణ ఉద్యమం జెండాలు ఇంకా వేలాడుతూనే ఉన్నాయి.

"వేరే టెంటు దొరకలేదా జానయ్యా?"

"యాడున్నదమ్మా? ఉన్నయన్నీ దీక్షలకే పోయినయ్. గిది సుత పొద్దుగాల ఒక శిబిరం కాడ ఇప్పుకొచ్చిన."

సకల జనుల సమ్మెతో బస్సులు ఆగి వారమైంది. ఇరవైమందికి కబురు పెడితే నలుగురే నడిచొచ్చారు. వేదవతి వాళ్ళని జంపఖానా మీద వరసగా కూర్చోబెట్టి, తనూ మధ్యలో కూర్చుంది. అదే ఆమె చేసిన పొరపాటు. ఆ రోజుల్లో హైదరాబాదులో రోడ్డు పక్కన టెంటు కింద ఆడవాళ్ళు వరసగా కూర్చున్నారంటే దానికి ఒకటే అర్థం.

పదిన్నరకి సమ్మెలో ఉన్న ప్రభుత్వ ఉద్యోగుల ఊరేగింపు వచ్చింది. ముందు నడుస్తున్న సూపరింటెండెంట్ బిక్షమయ్య టెంటు చూసి ఆగిపోయాడు. "చూడుర్రి! మనకు చెప్పకుంటనే అక్కలు రిలే నిరాహార దీక్షల కూసున్నరు!" అని ఐదుగురి మెడల్లోనూ బంతిపూల దండలు వేశాడు.

"అది కాదండీ, మేమసలు..." అంది వేదవతి.

ఆ యాస వినగానే జనం మెడలు చాపి చూశారు. "అమ్మా, మీదే ఊరు?" అన్నాడు బిక్షమయ్య.

"తణుకండీ."

"ఇన్నరా! ఆంధ్రా అక్క సుత మన కోసం కడుపు మాడ్చుకుంటున్నది!" ఆమె మెడలో ఇంకో రెండు దండలు పడ్డాయి. జై తెలంగాణ నినాదాలతో టెంటు ఊగింది. ఆ తర్వాత ఆమె ఏం చెప్పినా ఎవరికీ వినపడలేదు.

మధ్యాహ్నానికి సరూర్‌నగర్ నుంచి ఆడవాళ్ళు గుంపులుగా వచ్చారు. పొద్దున నడిచొచ్చిన నలుగురిలో ఒకతె సైదమ్మ చెయ్యి పులిహోర సంచీ వైపు పాకింది. "అమ్మా, ఆకలైతుంది. పొట్లం ఇప్పనా?"

"చంపేస్తారే! దండలు మెళ్ళో పెట్టుకుని పులిహోర తింటావా?"

"నౌకరీ ఇస్తమని పిలిచి ఉపాసముంచవడ్తివి. గిదేం నౌకరమ్మా?"

ఇంతలో బిక్షమయ్య రిజిస్టరు అందుకున్నాడు. "రేపటి బ్యాచుకా? శెభాష్!" అని ఆడవాళ్ళ మధ్యకి పంపాడు. పేజీ పైన ఏం రాసుందో చదివే తీరిక ఎవరికీ లేదు. తిరిగొచ్చేసరికి అందులో నలభై రెండు సంతకాలున్నాయి.

ఐదింటికి శ్రీరామమూర్తి జనాన్ని తప్పించుకుంటూ వచ్చాడు. "ఏరమ్మా మీ పదిమంది?"

వేదవతి చేతిలో నలభై రెండు పేర్లున్నాయి. చూపిస్తే షెడ్డు తనదే. కానీ రేపు పనిలోకి రమ్మంటే వీళ్ళు తన మొహాన ఏమంటారు? లేచి, ఊరేగింపు ఆటోకి కట్టిన మైకు పట్టుకుంది.

"ఇది దీక్ష కాదండీ. మీరు సంతకం పెట్టింది ఉద్యోగానికి. ఇక్కడి ఇళ్ళల్లో చెత్త ఇక్కడే ఎరువవుతుంది. పొద్దున ఆరు నుంచి పది దాకా పని, నెలనెలా జీతం. పని ఈ చుట్టుపక్కల వాళ్ళకే. ఇష్టం లేనివాళ్ళు పేరు కొట్టేయండి."

బిక్షమయ్య ఆమె వంక చూశాడు, రిజిస్టరు వంక చూశాడు.

"మేం కొట్లాడేది గందుకే గదమ్మా! ఈడి కొలువులు ఈడోళ్ళకు! గీ ముచ్చట పొద్దుగాలనే చెప్తే ఏం పోయింది?"

"చెప్పనిచ్చారా మీరు?"

నవ్వులు మిన్నంటాయి. వెనకనుంచి ఒకావిడ అడిగింది. "పండుగలకు సెలవిస్తరా?" ఇంకొకావిడ తోసుకొచ్చింది. "నా పేరు కొట్టెయ్యకుర్రి. నా కోడలిది సుత రాయుర్రి!" పదకొండుమంది పేర్లు తీసేయించుకున్నారు, ఏడుగురు కొత్తగా చేరారు.

"మరి షెడ్డు చాబీ ఎవరి తాన ఉన్నది?" అన్నాడు బిక్షమయ్య.

మూడొందలమంది శ్రీరామమూర్తి వైపు తిరిగారు. ఆయన జేబులో చెయ్యి పెట్టి, తాళంచెవి తీసి, "నేను మొదట్నించీ అనుకూలమేనండీ," అన్నాడు.

దీక్ష కాకపోయినా పొద్దుటి నుంచి ఉపవాసం మాత్రం నిజమే. పెద్దమనిషి చేతిమీదుగా నిమ్మరసం తాగకుండా లేవకూడదని అందరూ పట్టుబట్టారు. శ్రీరామమూర్తే ఐదుగురికీ గ్లాసులు అందించాడు. ఎవరో ఫోటో తీశారు. సైదమ్మ రెండో గ్లాసు కూడా అడిగి తాగి, పిండేసిన నిమ్మచెక్కలన్నీ ఏరి దండలతోపాటు గంపలో వేసుకుని, షెడ్డు తలుపు తీయించింది.

మర్నాడు పేపర్లో ఫోటో పడింది. "డిమాండ్లు నెరవేరడంతో దీక్ష విరమణ" అని దాని కింద రాశారు. ఆ రోజు కాలనీలో అందరికంటే ముందు రెండు బకెట్లు కొన్నది శ్రీరామమూర్తి, తడి చెత్తకొకటి, పొడి చెత్తకొకటి.