మూత తీయరాని ర్యాక్ కేసు

సంగీత సామాను సంరక్షణలో చంద్రపూర్ జిల్లా దేశానికే దారి చూపబోతున్నదని అనంతరావు భావూ గాంధీచౌక్‌లో ప్రకటించినప్పుడు నేను స్టేజీ వెనకాలే ఉన్నాను. బ్యానరు జారకుండా పట్టుకోవడం నా వంతు. నాది ఫ్లెక్సుల దుకాణం. భావూ ప్రజాసేవలో నా దుకాణం పాత్ర చిన్నదేమీ కాదు.

భావూ అంటే మరాఠీలో అన్న. ఈ అన్న కళాకారుల సంక్షేమ సమితికి అధ్యక్షులు. ఆయన ఏ వాయిద్యమూ వాయించరు కాబట్టి దేనిమీదా పక్షపాతం లేదు. పథకం ఏమిటంటే, పెళ్లిళ్లకూ సభలకూ సౌండ్ పెట్టేవాళ్లకు తలా ఒక ర్యాక్ కేసు ఉచితం. చక్రాలున్న నల్లటి ప్లైవుడ్ పెట్టె అది. ఆంప్లిఫయరు, మిక్సరు లోపల స్క్రూలతో బిగించుకుని, ముందూ వెనకా మూతలు వేసుకుని ఎక్కడికైనా దొర్లించుకుపోవచ్చు. రెండు మూతల మీదా భావూ నవ్వుముఖం. స్టిక్కరు నాదే.

మొదటి పెట్టె బొగ్గు గనుల ఊరు ఘుగ్గుస్‌లో ఉండే రాయమల్లుకు దక్కింది. అతనికి ఉన్నది ఒక్కటే ఆంప్లిఫయరు. ఆ బొగ్గు దుమ్ములో పన్నెండేళ్లుగా పాత చీర కప్పి దాన్ని కాపాడుకుంటూ, దానిమీదే ఇల్లు నడుపుతున్నాడు. పెట్టె చూసి పాపం కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. బరువైన ఆంప్ అడుగున, మిక్సరు పైన, మధ్యలో బెత్తెడు ఖాళీ వదిలి ముచ్చటగా సర్దుకున్నాడు.

మే నెలలో ఘుగ్గుస్ కాలనీ మైదానంలో ప్రారంభ సభ. భావూ స్వయంగా పెట్టెను తనిఖీ చేశారు.

"గీ ఖాళీ ఏంది?"

"గాలాడాలె సాబ్. ఆంప్ వేడైతది."

"ఖాళీ డబ్బ ఇచ్చిండని పేపరోళ్లు రాస్తరు. నింపుండ్రి."

పీఏ ఓంప్రకాష్ ఆ ఖాళీలో సన్మానాల శాలువాలు కుక్కాడు. ఉన్ని శాలువాలు. బయట ఎండ నలభై ఆరు డిగ్రీలు.

కనీసం గాలాడుతుందని రాయమల్లు మూతలు తీయబోయాడు.

"ఆగు. మూత దీసి యాడ పెడ్తవ్?" అన్నారు భావూ.

"కింద పెడ్త సాబ్."

"నన్ను కింద పెడ్తవా?"

"మిమ్ముల గాదు సాబ్, మూతను."

"మూత మీద ఎవలున్నరు?"

"మీరే సాబ్."

"మరి?"

మూతలు వేసే ఉంచారు. వైర్లు బయటికి రావడానికి వెనక మూతకు ఒక బెజ్జం కావాల్సి వచ్చింది. కన్ను వద్దు, నోరు వద్దు అని కాసేపు చర్చించి, చివరికి భావూ చెవిలో పెట్టారు.

"సాబ్, ఐతారం భద్రావతిల పెండ్లి ఒప్పుకున్న. ఇది కాలితే నా బతుకే పాయె" అన్నాడు రాయమల్లు.

"అరే, సంరక్షణ పథకంల కాలుడేంది?" అన్నారు భావూ. అంతటి ధైర్యం నాయకులకే ఉంటుంది.

ఉపన్యాసం మొదలైన ఆరో నిమిషంలో మూత మీది చెవిలోంచి పొగ వచ్చింది. మైకు మూగబోయింది. రాయమల్లు లేవబోతే ఓంప్రకాష్ భుజం పట్టి నొక్కాడు.

"భావూ మాట్లాడుతుండు, కూసో!"

భావూ ఆగలేదు. చెయ్యెత్తారు, వేలు చూపించారు, ఒకచోట గొంతు బొంగురుపోయినట్టుంది, కళ్లు కూడా తుడుచుకున్నారు. ఇంకో నలభై నిమిషాలు. ఓంప్రకాష్ తువ్వాలు ఊపినప్పుడల్లా జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. పక్కనే రాయమల్లు పెట్టెను కావలించుకుని ఏడుస్తున్నాడు, చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

సభ అయ్యాక అతను చేతులు జోడించాడు.

"సాబ్, ఆంప్ కాలిపోయింది. మీ మాట ఒక్కటి గూడ ఇనవడలె."

భావూ గంభీరంగా ఓంప్రకాష్ వైపు తిరిగారు. "ఎవలన్న కంప్లెయింట్ జేసిండ్రా?"

"ఒక్కలు గూడ లేరు భావూ. చప్పట్లు పదకొండు సార్లు. పోయిన సభ కన్న రెండు ఎక్కువ."

భావూ రాయమల్లు వీపు తట్టారు.

"ఐతారం గడ్‌చాందూర్‌ల సభ ఉన్నది. నువ్వే రావాలె. డబ్బ ఒక్కటి తెస్తే సాలు."

ఆదివారం భద్రావతి పెళ్లికి వేరెవరో సౌండ్ పెట్టారు. గడ్‌చాందూర్‌లో రాయమల్లు ఆంప్ లేని ఆ పెట్టెను ఒక్కడే ఎత్తి స్టేజీ మీద పెట్టాడు. వైరు తగిలించాడు. అలవాటు కొద్దీ మైకు తీసుకుని, "హలో, మైక్ టెస్టింగ్" అన్నాడు. చిట్టచివరి వరుసలో వాళ్లు బాగా వినబడుతోందని చేతులూపారు.